పట్టుకున్నా

సీలింగు మేస్త్రీ అంటే ఆ చుట్టుపక్కల వీధుల్లో తెలియనివాళ్లు లేరు. గోడలకు రంగులు ఎవరైనా వేస్తారు. తల వెనక్కి వాల్చి, మెడ పీకేస్తున్నా ఓర్చుకుని, కింద చుక్క పడకుండా పైకప్పుకు రంగు వెయ్యాలంటే మాత్రం ఈయన్ని పిలవాల్సిందే. మనిషి కూడా గోడకు ఆనించి మరిచిపోయిన వాసంలా పొడుగ్గా, సన్నగా ఉంటాడు. అంతటి మనిషి కొన్నాళ్లుగా కిటికీల కిందా, తలుపుల అంచులకూ కూర్చుని చేసే పని తప్ప మరో పని ముట్టుకోవడం లేదు. "ఏం సీలింగూ, నేలకు దిగిపోయావే!" అని తోటివాళ్లు వేళాకోళం చేస్తే తనూ నవ్వేవాడు. నవ్వి, ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఏడాది కిందట ఆయన నిచ్చెన మీంచి పడ్డాడు. రంగుల పనివాళ్లలో జంటగా పనిచేసేవాళ్లకు ఒక పద్ధతి ఉంటుంది. పైకెక్కేవాడు కిందికి చూడడు. "పట్టుకున్నావా?" అంటాడు. కింద ఉన్నవాడు రెండు చేతులా నిచ్చెన పట్టుకుని "పట్టుకున్నా" అంటాడు. ఆ మాట చెవిన పడ్డాకే కాలు లేస్తుంది. సీలింగు మేస్త్రీకి ఆ మాట అనేది ఆయన బావమరిదే, భార్యకు స్వయానా తమ్ముడు. పెళ్లయిన కొత్తలో "మావాడు ఖాళీగా తిరుగుతున్నాడండీ" అని ఆవిడ అంటే పనిలో పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి ఒకడు పైన, ఒకడు కింద.

ఆ రోజు పనిచేస్తున్న ఇంట్లో రేడియో గట్టిగా మోగుతోంది. ఎవరి మాటైనా సగమే వినబడుతోంది. మేస్త్రీ గోడవైపు తిరిగి మామూలుగానే "పట్టుకున్నావా?" అన్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఇంటావిడ "ఏమయ్యా, ఆ రంగు డబ్బా పట్టుకున్నావా? దారిలో ఉంది, తన్నేస్తాం" అంది. బావమరిది వంగి డబ్బా తీసుకుని, ఆవిడతో "పట్టుకున్నా" అన్నాడు. మేస్త్రీ ఎక్కేశాడు. కింద నున్నటి గచ్చు, గచ్చు పాడవకుండా దాని మీద ప్లాస్టిక్ పట్టా. నిచ్చెన కాళ్లు సర్రున జారాయి. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది.

"పట్టా జారింది" అని మేస్త్రీ ఊరందరికీ చెప్పాడు. బావమరిది ఏమీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి అతని నోట ఆ ఒక్క మాటా రాలేదు. బ్రష్షు అందిస్తే "అందింది" అంటాడు. బస్సులో టికెట్టు ఇస్తే "నా దగ్గరుంది" అంటాడు. తాళం చేతిలో పెడితే ఊఁ కొడతాడు. ఇంత తెలివిగా ఒక మాట చుట్టూ తిరిగి నడిచే మనిషిని ఎక్కడా చూడం. మేస్త్రీ అదంతా గమనించాడు, గమనించనట్టు ఊరుకున్నాడు.

కాలులో కడ్డీ వేశారు. నెలల తరబడి మంచం, తర్వాత చంకకర్ర, ఆ తర్వాత ఆసుపత్రి మెట్ల దగ్గర వ్యాయామం చేయించే అమ్మాయి.

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. గుర్తుంటుందా అంకుల్?" అందా అమ్మాయి.

"దాన్ని చెడ్డది అనకమ్మా, రోషం తెచ్చుకుంటుంది. ఏదో కాస్త అలిగింది, అంతే" అన్నాడు మేస్త్రీ.

పక్కనే ఉన్న భార్య ఊరుకుంటుందా? ఆవిడ అదే వీధిలో బట్టలు సరిచేసే చిన్న కొట్టు నడుపుతుంది. చేతిలో కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదును. "అలిగిందా? అయితే కొత్తల్లుడన్నమాట" అంది. ఇక అప్పటి నుంచి ఆ కాలు పేరు అల్లుడుగారే. పొద్దున్నే "అల్లుడుగారు లేచారా?" అని అడుగుతుంది. నొప్పిగా ఉందంటే "ఏం కావాలంటారు, వేణ్ణీళ్లా, దిండా?" అని మర్యాదలు చేస్తుంది. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆ మనిషిని మంచం మీంచి లేపింది సగం మందులైతే సగం ఈ ఎగతాళే.

కాలు అతుక్కుంది. నడక వచ్చింది. కానీ నిచ్చెన దగ్గరికి వెళ్లేసరికి గుండె దడదడలాడేది. మొదటి మెట్టు మీద పాదం పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు దిగిపోయేవాడు. రంగుల కొట్టాయన పాతకాలపు స్నేహితుడు. అంతా చూసి ఒక దారి చూపించాడు. "మా కొట్లో రంగులు కలిపే మిషను దగ్గర కూర్చో. ఎత్తు స్టూలు, ఫ్యాను కింద పని. సోమవారం కల్లా ఏదో ఒక మాట చెప్పు" అన్నాడు.

మంచి కబురే. చాలామంది ఎగిరి గంతేసేవాళ్లు. మేస్త్రీ మాత్రం ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అటక మీంచి వీపు సంచి దింపాడు.

"కొండకా?" అంది భార్య, కుట్టు మిషను ఆపి.

బావా బావమరుదులు ఏటా వానలకు ముందు కొండెక్కేవాళ్లు. వీపున సంచులు, గుడారం, రొట్టె, ఉడికించిన గుడ్లు. ఒక రాత్రి దారిలో పడుకుంటే మర్నాటికి పైనున్న పచ్చిక మైదానం చేరతారు. కిందటేడు మంచం మీద ఉండి పోలేదు. ఆ మైదానానికి ముందు నిలువుగా ఒక బండ ఉంది. దానికి ఇనుప నిచ్చెన బిగించి ఉంటుంది. వేరే దారి లేదు.

"ఆ నిచ్చెన ఎక్కగలిగితే మళ్లీ సీలింగులకు పోతాను. లేకపోతే సోమవారం నుంచి స్టూలే. మీ తమ్ముడికి చెప్పకు" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ వద్దనలేదు. పాత కోటు ఒకటి కత్తిరించి, సంచి పట్టీలకు మెత్తగా ఒత్తు పెట్టి కుట్టింది. ఆయన సర్దిన సంచి విప్పి, సగం బరువు తమ్ముడి సంచిలోకి తోసేసింది. "మీరు మోయాల్సినవారు వేరే ఉన్నారు కదండీ" అని కాలు వైపు చూసింది. నవ్వుతూనే అంది కానీ, గుమ్మం దాకా వచ్చి ఆయన చొక్కా కాలరు సరిగానే ఉన్నా మళ్లీ సరిచేసింది.

దారి పొడుగునా బావమరిది ప్రాణం తోడేశాడు. రాయి కనబడితే మోచెయ్యి అందుకుంటాడు. బురద కనబడితే ముందు తను దిగి తొక్కి చూస్తాడు. పల్లం వస్తే చాలు, అడ్డంగా చేతులు చాచి నిలబడతాడు.

"ఏరా, నేనేమైనా పెళ్లికూతుర్నా, అడుగడుక్కీ చెయ్యి పట్టుకు నడిపిస్తున్నావ్?" అని కసిరాడు మేస్త్రీ.

"అది కాదు బావా... అల్లుడుగారెలా ఉన్నారో అని."

"ఆయన బాగానే ఉన్నాడు. నువ్వే మరీ అత్తగారిలా తయారయ్యావ్."

ఆ రాత్రి గుడారంలో హాయిగా పడుకున్నారు. మర్నాడు గాలి చల్లగా ఉంది. చెట్లు పొట్టివై, పలచబడి, చివరికి లేకుండా పోయాయి. మేస్త్రీ తన పద్ధతిలో తను నడిచాడు, ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు రెండోది. కాస్త సలిపినా ఆగలేదు. చాన్నాళ్ల తర్వాత ఒళ్లంతా తనదే అనిపించింది. ఎంత సంతోషం వేసిందంటే, ఎదురొచ్చిన ఎవరో ముక్కూమొహం తెలియని దంపతులకు ఆగి మరీ తన ఆపరేషను కథ చెప్పాడు.

ఎండ కాస్త వాలేసరికి బండ దగ్గరికి చేరారు. ఇనుప నిచ్చెన ఎప్పటిలాగే ఉంది. మనిషి ఎత్తుకు మూడింతలుంటుందేమో.

బావమరిది సంచి దించేశాడు. "ఇక్కడే గుడారం వేసుకుందాం బావా. ఇక్కణ్నించి కూడా బాగానే కనబడుతుంది" అన్నాడు.

"ఏం కనబడుతుంది, బండా?"

మేస్త్రీ తన సంచి కూడా దించి, నిచ్చెన పట్టుకుని గట్టిగా ఊపాడు. కదల్లేదు. మంచి కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు నేలను వదల్లేదు. నొప్పి ఏమీ లేదు. గుండె మాత్రం మళ్లీ అదే దడ. ఎంతసేపు నిలబడ్డాడో గానీ, చెమట్లు పోశాయి. తన చెవులు దేనికోసమో ఎదురుచూస్తున్నాయని అప్పుడు అర్థమైంది. బండవైపే చూస్తూ, ఏడాది తర్వాత, ఆ మాట అడిగేశాడు.

"పట్టుకున్నావా?"

తిరిగి చూశాడు. బావమరిది రాయి మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఆ మాట నన్నడక్కు బావా. ఆ రోజు నేను పట్టుకున్నది నిచ్చెన కాదు. ఇంటావిడ అడిగితే..."

"డబ్బా. తెలుసురా."

"తెలుసా?"

"తెలీకేం? కిందపడి కళ్లు తెరిస్తే నువ్వు నా పక్కన కూర్చుని భోరున ఏడుస్తున్నావ్. చేతిలో డబ్బా. ఏడ్చేవాడివి దాన్ని పక్కన పెట్టి ఏడవచ్చు కదరా! ఆసుపత్రి బండి వచ్చేదాకా పట్టుకునే ఉన్నావ్."

బావమరిదికి ఏడుపులోంచి నవ్వొచ్చింది, నవ్వులోంచి మళ్లీ ఏడుపొచ్చింది. "మరి ఎవరికీ చెప్పలేదేం బావా?"

"ఎవరికి చెప్పను? నీకు అక్క, నాకు పెళ్లాం. మనిద్దరికీ కడుపునిండా పెట్టేది ఆవిడొక్కతే. చెప్తే ఇద్దర్నీ పస్తు పెట్టును."

"నా మీద కోపం రాలేదా?"

"రాకేం? మంచం మీద ఉన్నప్పుడు మనసులో నిన్ను తిట్టని తిట్టు లేదు. తర్వాత ఓసారి నాకు స్నానం చేయిస్తూ కళ్లలో సబ్బు పోశావ్ చూడూ, ఆ వేళ పైకే తిట్టేశాను. దాంతో తీరిపోయింది." మేస్త్రీ ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. "ఇప్పుడు భయమేరా ఉంది. నువ్వు ఆ మాట అనకపోతే నేను ఎక్కలేను. ఎక్కకపోతే సోమవారం నుంచి రంగుల కొట్లో కూర్చుంటాను. ఒప్పుకుందామనే అనుకుంటున్నాను."

బావమరిది చప్పున తలెత్తాడు. స్టూలు మీద కూర్చున్న బావను ఊహించుకున్నాడేమో, మొహం ముడుచుకుపోయింది. లేచొచ్చి నిచ్చెనకేసి చూశాడు. "ఇది కదిలేది కాదు కదా బావా. బోల్టులు బిగించారు."

"బోల్టులు మాట్లాడవు కదరా."

బావమరిది అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. నిచ్చెన రెండు పక్కలా గట్టిగా పట్టుకున్నాడు.

"పట్టుకున్నా."

"ఏది?" అన్నాడు మేస్త్రీ, బండవైపు నుంచి మొహం తిప్పకుండా.

"నిచ్చెనే బావా! నిచ్చెనే! రెండు చేతులా!"

కాలు లేచింది. మంచి కాలు ముందు, దాని పక్కకు రెండోది. మళ్లీ మంచి కాలు. సగం ఎక్కాక పిక్క వణికింది. కింద నుంచి అడక్కుండానే "పట్టుకున్నా" అని వినబడింది. ఇక అక్కణ్నించి మెట్టు మెట్టుకీ అదే మాట. ఏడాదిగా దాచిందంతా ఒక్కసారే ఖర్చుపెడుతున్నట్టున్నాడు.

"చాల్లేరా, వినబడింది! కొండంతా వినబడింది!" అని అరిచి, మేస్త్రీ ఆఖరి మెట్టు దాటి పచ్చిక మీద బోర్లా పడ్డాడు. గడ్డిలో మొహం పెట్టుకుని కాసేపు ఏడ్చాడు, నవ్వాడు. "కొట్టాయన ఇంకోణ్ని వెతుక్కోవాల్సిందే" అని పైకే అన్నాడు.

లేచి అంచులోంచి చూస్తే, బావమరిది కింద ఇంకా నిచ్చెన పట్టుకునే ఉన్నాడు. "ఎక్కేశాను కదరా, ఇక వదులు! సంచులు తగిలించుకుని రా!"

ముందొక సంచి, వెనకొక సంచి వేసుకుని బావమరిది నిచ్చెన మీద చెయ్యి వేశాడు. వేసి, పైకి చూశాడు. ఎప్పుడూ కింద ఉండే మనిషి. ఇదివరకు వచ్చినప్పుడల్లా ఈ నిచ్చెన ఈలలు వేస్తూ ఎక్కేవాడు. ఇవాళ కదల్లేదు. అడగడానికి మొహమాటపడుతూ నిలబడ్డాడు.

మేస్త్రీకి అర్థమైంది. అంచున మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. అల్లుడుగారు కిక్కురుమనలేదు. బోల్టులతో బిగించిన ఆ ఇనుప నిచ్చెన పైకొసను రెండు చేతులా గట్టిగా అదిమిపట్టాడు.

"పట్టుకున్నా" అన్నాడు.

బావమరిది కాలు లేచింది.