ఆవిరి లోకంలో తప్పిపోయిన తాతగారు

కరీంనగర్ నుంచి పనిమీద వచ్చి, రాజోలులో అమలాపురం బస్సెక్కాను. ఫోన్లో ఫ్రెంచి బొమ్మల సినిమా చూస్తుంటే, పక్క సీట్లో ఉన్న నడివయసావిడ నాకంటే శ్రద్ధగా చూస్తున్నారు.

"మాటలు తెలీట్లేదు గానీ, కథేంటండీ?" అని అడిగారు.

"కరెంటే కనిపెట్టని పారిస్ అండి. బళ్లూ విమానాలూ అన్నీ ఆవిరితోనే నడుస్తాయి. ఈ అమ్మాయి తప్పిపోయిన తాతని వెతుకుతోంది."

"మాదీ ఆవిరి లోకమేనండి," అంటూ ఆవిడ డబ్బా తెరిచి, పనసాకు బుట్టలో ఆవిరిమీద ఉడికించిన ఇడ్లీ, పొట్టిక్క, నా చేతిలో పెట్టారు. "వాళ్లు విమానాలు నడిపేరు, మేం టిఫినుతో సరిపెట్టుకున్నాం."

నేను నవ్వుతుండగానే ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. పి.గన్నవరంలో దిగుతూ ఆవిడ నా నంబరు తీసుకున్నారు. మర్యాదకేమో అనుకున్నాను.

మర్నాడే ఫోన్ వచ్చింది. "తాతగారు దొరికేరా అండీ? కథ సగంలో వదిలేసి బస్సు ఎలా దిగేవే అని మా అత్తగారు నిన్నట్నుంచీ ఒకటే గోలండి."

రాత్రి మిగతా సినిమా చూశాను. అందులో ఆ తాత దొరకలేదు.

"దొరికేరండి. క్షేమంగా ఇంటికొచ్చేసేరు," అన్నాను, ఆవిడ యాసలోనే.

"ఆయ్! అత్తయ్యగారూ, వచ్చేసేరంటండీ!" అని ఆవిడ కేకేశారు.

వెనకనుంచి వణుకుతున్న గొంతొకటి వినిపించింది. "పాపం, అన్నం తిన్నాడో లేదో అడగవే."