నత్తగుల్ల నౌకలో ఆరు వాక్యాలు

ఆ రోజుల్లో నా చేతికి ఎవరి రాత చిక్కినా దానికి తోక మిగిలేది కాదు. పత్రికలో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్‌కు పట్టే జబ్బు అది. (పెళ్లి శుభలేఖ ఇచ్చినా చివరి రెండు లైన్లు అనవసరం అనిపించేవి.) ఆ జబ్బుతోనే ఒక శనివారం మధ్యాహ్నం, మద్రాసు చూలైలోని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, 'నత్తగుల్ల' అనే అంతరిక్ష నౌకలోని ఆసుపత్రి గురించి డాక్టరమ్మ రాసిన పేజీలో చివరి ఆరు వాక్యాలు చదవకుండా కొట్టేశాను. పేజీ సరిగ్గా సరిపోయింది. సేవ్ చేసి, తృప్తిగా టీ తాగడానికి వెళ్లాను.

నౌక ఏమిటో, డాక్టరమ్మ ఎవరో చెప్పాలి. నెల్లూరు వైపు నుంచి ఉద్యోగానికి మద్రాసు వచ్చిన నాకు అప్పట్లో తమిళం రాదు. శుభలేఖలు అచ్చువేసే చిన్న ప్రెస్సు మీద అద్దె గది. ఆఫీసులో తెలుగు, గదిలో మౌనం. శనివారం సెలవు. ఆ రోజంతా కలిపి టీ కొట్టు దగ్గర చక్కెర తగ్గించమనే 'చక్కెర కమ్మి' అనే రెండు మాటలే నా నోటి నుంచి వచ్చేవి. అలాంటి ఒక శనివారం నాకు ఇంటర్నెట్‌లో ఒక బృందం దొరికింది. పదకొండు మంది తెలుగువాళ్లు, ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అందరూ కలిసి ఒక కథ రాస్తారు. కథలో ప్రతివాడికీ ఒక పాత్ర. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకోవాలి. అసలు పేర్లు, ఊర్లు చెప్పకూడదనేది నియమం. ఒకాయన కెప్టెన్, ఒకావిడ డాక్టరు, మిగిలినవాళ్లు రకరకాల శాస్త్రవేత్తలు. వీళ్లందరూ ఎక్కడానికి నౌక లేదు. పత్రికలో పేజీల అమరిక గీస్తానని నోరు జారినందుకు దాన్ని గీసే పని నాకు అప్పగించారు.

నాకు సైన్సు పదో తరగతితో సరి. అయినా జంకలేదు. ఆఫీసు నుంచి డమ్మీ కాగితం తెచ్చుకున్నాను. ఏ వార్త ఎక్కడ రావాలో ముందుగా గీసుకునే ఎనిమిది కాలాల కాగితమది. నౌకను దానిమీదే గీశాను. తుపాకులు లేని పరిశోధక నౌక కాబట్టి టెలిస్కోపు హాలును ప్రధాన వార్తలాగా పైన ఐదు కాలాల్లో పెట్టాను. మట్టి పరీక్షల గది దాని పక్కన. సంతాప వార్తలు వేసే చోట మరుగుదొడ్లు. కుడివైపు కింది మూల ఖాళీగా ఉందేమని కెప్టెన్ అడిగితే, ప్రకటన కోసం వదిలానని రాశాను. చేతి అలవాటు! ఆకాశంలో మనకు ప్రకటన ఎవరిస్తారని ఆయన అడిగిన తరువాత అక్కడికి ఆసుపత్రి వచ్చింది.

పడకల దగ్గర ఇంకా పెద్ద గొడవ జరిగింది. నౌకలో నలభై మంది సిబ్బంది. అందరూ ఒకే హాలులో పడుకుని, ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చుని తినేట్టు గీశాను. ఒంటి గది ఒక్కటీ లేదు. "ఇది నౌకా, కల్యాణ మండపమా?" అన్నాడు కెప్టెన్. ప్రాణవాయువు ఆదా అవుతుందని సైన్సు చెప్పాను. (రోజూ గోడకు ఎదురుగా కూర్చుని తినేవాడు గీస్తే నౌక అలాగే వస్తుందని అప్పట్లో నాకే తెలియదు.) అందరూ నవ్వారు. డాక్టరమ్మ మాత్రం ఒక్క వాక్యం రాసింది: "గీసినాయన ఒక్కడే ఉంటాడేమో." ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదువుకున్నాను. ఆ తరువాత శనివారాలు నౌక కోసం కాక, ఆమె ఏమైనా రాసిందేమో చూడటం కోసం సెంటరుకు పోయేవాణ్ణి. ఆమె రాసే ఆసుపత్రిలో గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు వినిపించేది. అంతరిక్షంలో గూడ్సు బండ్లేమిటని ఎవరో ఎగతాళి చేస్తే, ఆ చప్పుడు లేకపోతే తన రోగులకు నిద్ర పట్టదని జవాబిచ్చింది.

నౌక పూర్తయ్యాక దానికొక పుస్తకం తయారు చేద్దామన్నారు. ఎవరి విభాగం గురించి వాళ్లు రాయాలి, విభాగానికి ఒక పేజీ, కూర్పు నాది. మా ఆఫీసులో మాకు పని నేర్పిన పెద్దాయన మాట ఒకటుండేది: ముఖ్యమైంది ఎవడూ చివర రాయడు, చోటు చాలకపోతే కింది నుంచి కోసెయ్. డాక్టరమ్మ పేజీ ఆరు వాక్యాలు ఎక్కువైంది. కోసేశాను. పుస్తకం అందరికీ వెళ్లింది. మరుసటి శనివారం ఆమె నుంచి ఒక సందేశం ఉంది. "పుస్తకం బాగుంది. చివర మిమ్మల్ని అడిగింది తీసేశారు కాబట్టి జవాబు తెలిసింది. ఆసుపత్రిని ఎవరికైనా అప్పగించండి."

సందేశం రెండోసారి చదివాక బోధపడింది. నౌక గీసినవాడు ప్రతి పేజీ చివరిదాకా చదువుతాడని నమ్మి ఆమె అక్కడ రాసింది. పాత ప్రతి దాచే సదుపాయం ఆ సైటుకు లేదు. చదవకుండా కోశాను, దయచేసి మళ్లీ రాయండి అని వేడుకున్నాను. జవాబు లేదు. మిగిలినవాళ్లను అడిగితే ఎవరి పేజీ వాళ్లే చదువుకున్నామన్నారు. ఒక్క ఆశ ఉంది. నేను కోయకముందే కెప్టెన్ ఆ పేజీ కింద 'బాగుంది' అని రాశాడు. నియమం పక్కనబెట్టి ఎక్కడుంటావని అడిగితే, ఇదే మద్రాసులో, ఫ్యాక్టరీలుండే అంబత్తూరు ఎస్టేట్‌లో అన్నాడు! ఆ శనివారమే బస్సెక్కాను.

మా కెప్టెన్ లేత్ మిషన్ మీద పనిచేసే పాతికేళ్ల కుర్రవాడు. ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ తాగుతూ, డాక్టరమ్మ చివర ఏం రాసిందో గుర్తు చేసుకోమని బతిమాలాను. అతను గ్లాసు కింద పెట్టి గొంతు తగ్గించాడు.

"అన్నా, నిజం చెప్తా, తిట్టగూడదు. మా తాత కాలం నుంచీ ఈడనే ఉండాము. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు మాట్లాడేది వస్తాది, చదివేది మట్టుం నిదానం. పై పేరా కూడబలుక్కుంటా. కింద పొడుగ్గా ఉంటే బాగుందని పెట్టేస్తా."

"మరి ఇన్నాళ్లూ నౌక ఎట్టా నడిపినావు తమ్ముడూ?"

"ముందర చూసి నడిపినా. ఎనకాల ఏముండాదో నాకెట్ట తెలుసు?"

ఆఫీసులో పెద్దాయనకు ఈ సంగతి చెప్పుకుని, మీ సూత్రమే నన్ను ముంచిందన్నాను. ఆయన కలం మూత పెట్టి, "వార్తలకురా నేను చెప్పింది. మనుషులు అసలు సంగతి చెప్పులేసుకునేటప్పుడే చెబుతారు" అన్నాడు.

కెప్టెన్ మద్రాసువాడైతే ఆమె కూడా ఇక్కడే ఉండొచ్చని, గూడ్సు పెట్టెల చప్పుడును పట్టుకుని రైలు యార్డుండే వ్యాసర్పాడి పోయాను. నాలుగు శనివారాలు లేని కడుపునొప్పి తెచ్చుకుని, రైలు యార్డు చుట్టుపక్కల క్లినిక్కులన్నీ తిరిగాను. ఒకావిడకు మా అమ్మమ్మ వయసుంటుంది. నులిపురుగుల మాత్రలిచ్చి, వేళకు తినమని కసిరింది. మిగిలినవాళ్లంతా మగవాళ్లు. కెప్టెన్‌కు చెప్పుకుంటే జాలిగా చూశాడు. "నేను బయట కెప్టెనా అన్నా? ఆమె కథలో డాక్టరైతే ఈడ కూడా డాక్టరే అని ఎవరు చెప్పినారు?" నాలుగు వారాలు మాత్రలు మింగిన నాకు ఆ ఆలోచనే రాలేదు.

డాక్టరు లేని నౌకలో కథ కొన్నాళ్లు కుంటుతూ నడిచి ఆగిపోయింది. సైటు కూడా మూతపడింది. నాకు జుట్టు నెరిసింది, తమిళం వచ్చింది. ఉత్తుత్తి కడుపునొప్పితో పొట్ట పట్టుకుని వ్యాసర్పాడి వీధుల్లో తిరిగిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాలనీ అనిపిస్తుంది. డాక్టరమ్మ పేరు నాకు తెలియదు. కొట్టేసిన ఆరు వాక్యాల్లో 'ఆదివారం' అనే మాట కంటికి తగిలినట్టు గుర్తు. అది రమ్మనడమో, తాను వెళ్లిపోనా అనడమో, ఆసుపత్రికి ఇంకో మంచం కావాలని అడగడమో ఇంతవరకూ తెలియలేదు.