పందొమ్మిది మరకలు

మా అత్తగారు తప్పు ఒప్పుకోగా చూసినవాళ్లు లేరు. నేను కాపరానికొచ్చిన వారంలోనే కూర నోట పెట్టలేనంత ఉప్పయితే, ఆ నింద నా నెత్తిన పడింది. తొమ్మిదేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ కథ చెబుతూనే ఉన్నారు.

ఆవిడ ఉద్యోగమూ తప్పులు పట్టడమే. వేధశాలలోని టెలిస్కోపు ఆకాశంలో ఒక్కో ముక్కను పన్నెండు రోజులకోసారి ఫొటో తీస్తుంది. పేలిన నక్షత్రం నెలల తరబడి వెలుగుతుంది కాబట్టి, కొత్త చుక్క వరసగా రెండు ఫొటోల్లో కనిపిస్తేనే లెక్క. ఒక్కదాంట్లోనే కనిపిస్తే ఏదో దుమ్ము పడిన ‘మరక’ అని కొట్టేయడం ఆవిడ పని. ముప్పయ్యేళ్లలో ఆవిడ చేతిలో ఒక్క పొరపాటూ జరగలేదని ఆఫీసంతా చెప్పుకునేది. ఎక్కువగా చెప్పుకునేది ఆవిడే.

రిటైర్మెంటు నాలుగు రోజులుందనగా, కొత్తగా చేరిన శాస్త్రవేత్త ఒకమ్మాయి భోజనాల దగ్గర ఒక మాటంది. కొన్ని నక్షత్రాలు పేలి, వారంలోనే, అంటే రెండో ఫొటోకి ముందే, ఆరిపోతాయట. రోజూ ఫొటోలు తీసేవాళ్లకు దొరికాయట. ఎందుకలా అంటే ముగ్గురు శాస్త్రవేత్తలు మూడు చెప్పారట. నక్షత్రం ముందే వదిలేసిన పైపొరలకే దాని పేలుడు గుద్దుకుంటుందని ఒకరు, నక్షత్రం చాలావరకు కృష్ణబిలంగా కుంగిపోయి బయటికి చిమ్మేది కొంచెమేనని ఇంకొకరు, పక్కనున్న కృష్ణబిలమే దాన్ని చీల్చి మింగేస్తుందని మూడో ఆయన.

“అంటే ఎవరికీ తెలీదన్నమాట,” అన్నారు అత్తగారు ఇంటికొచ్చి.

అని ఊరుకోలేదు. కొట్టేసిన ప్రతి మరకనూ రాసిపెట్టుకున్న పుస్తకం తీశారు. పందొమ్మిదింటి దగ్గర పెన్సిల్ ఆగింది. పందొమ్మిదీ ఏదో ఒక గెలాక్సీ అంచునే ఉన్నాయి.

“దుమ్ముకి గెలాక్సీ పక్కనే వాలాలన్న పట్టింపేంటే?” అన్నారు. ఆవిడ మొహం చూస్తే నాకు భయమేసింది. పుస్తకం బయటపెడితే ముప్పయ్యేళ్ల పేరు మంటగలుస్తుంది. దాచేస్తే అడిగేవాడు లేడు.

“దాచేస్తే పోలా అత్తయ్యా?” అన్నాను. ఆవిడ పుస్తకం తీసి తన సంచిలో పెట్టుకున్నారు.

వీడ్కోలు సభలో డైరెక్టరుగారు “ఒక్క తప్పు కూడా లేని ముప్పయ్యేళ్లు” అనగానే అత్తగారు లేచారు.

“పందొమ్మిది ఉన్నాయండీ,” అని పుస్తకం ఆయన చేతిలో పెట్టి కూర్చున్నారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. కొత్త శాస్త్రవేత్త మాత్రం పుస్తకం లాక్కుని పాత ఫొటోలు వెతకడానికి పరుగెత్తింది.

తిరిగొస్తూ బస్సులో ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. “ఆ కూరలో రెండోసారి ఉప్పు వేసింది నేనే,” అన్నారు ఉన్నట్టుండి.

తొమ్మిదేళ్ల ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది నాకు.

“ఏడవకు. ఇవాళ్టికి ఇరవై అయ్యాయి,” అన్నారు. “ఇంకేమీ అడక్కు.”