అమ్మ కదలని అరగంట

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వి కొట్టిపారేసే మనిషిని నేను. బందరులో మేం పెరిగిన వీధి చివర ఒక పాడుబడ్డ ఇల్లుండేది. సందె పడితే పెద్దవాళ్లు కూడా అటు వెళ్లేవాళ్లు కాదు. నేను మాత్రం దాని ప్రహరీ మీద కూర్చుని అక్కడి చెట్టు జామకాయలే తినేవాణ్ని. ఇప్పుడు నలభై ఒకటి నాకు. ఇప్పటికీ వాటిమీద నమ్మకం లేదు. ఎవరినో నమ్మించాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడితే మనసు కాస్త కుదుటపడుతుందేమోనని రాస్తున్నాను.

గుడివాడలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. రెండేళ్ల కిందట నందివాడ నుంచి బండి మీద వస్తుంటే గేదె అడ్డొచ్చింది. కుడికాలు మోకాలి కింద విరిగింది. పిండికట్టు వేసి, మూడు నెలలు కాలు కింద మోపొద్దన్నారు.

మేముండేది అద్దె ఇంటి పై వాటా. ముందు గదిలో కిటికీకి ఎదురుగా నాకు మంచం వేశారు. మొదటి వారం ఫోనుతో గడిచింది. రెండో వారానికి ఫోను చూస్తేనే తల తిరిగేది. కట్టు లోపల దురద. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఫ్యాను చప్పుడుకి కూడా కోపం వచ్చేది. మా ఆవిడ సుధ ఒక స్కూల్లో టీచరు. పొద్దున్నే వెళ్లిపోతుంది. మా అమ్మాయి హారిక ఎనిమిదో తరగతి. ఇంట్లో నేనూ అమ్మా మిగిలేవాళ్లం.

నా గొణుగుడు భరించలేక హారికే ఒకరోజు తన పాత డ్రాయింగు పుస్తకం, రెండు పెన్సిళ్లు తెచ్చి ఒళ్లో పడేసింది. "ఏదో ఒకటి గీసుకో నాన్నా, మమ్మల్ని వదిలెయ్" అంది.

కాలేజీ రోజుల్లో బొమ్మలు వేసేవాణ్ని. ఉద్యోగంలో చేరాక మానేశాను. మంచం మీద నుంచి కనిపించేవి కిటికీ, గోడ, ఇంట్లో మనుషులు. గోడని ఎంతసేపని గీస్తాం? మనుషుల మీద పడ్డాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న సుధని, హోంవర్కు చేస్తూ జడ కొరుక్కుంటున్న హారికని గీశాను. ఎక్కువగా గీసింది అమ్మని. పగలంతా ఎదురుగా ఉండేది తనే కాబట్టి.

అమ్మకి అరవై ఆరు. ఒకచోట కుదురుగా కూర్చోదు. కూర్చోబెడితే రెండు నిమిషాలకే పాలు గుర్తొస్తాయి, మేడ మీద ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి. మధ్యలో లేచి వచ్చి బొమ్మ చూసేది. "నా ముక్కు ఇంత లావుంటుందిట్రా?" అనేది. నేను విసుక్కునేవాణ్ని. తను వెళ్లి మళ్లీ కూర్చునేది, తల ఇంకోవైపు పెట్టి.

ప్రతి బొమ్మ కింద తేదీ, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాసేవాణ్ని. ఆఫీసు అలవాటు. ఆ అలవాటే లేకపోతే ఈపాటికి జరిగిందంతా కలే అనుకుని వదిలేసేవాణ్ని.

అది కార్తీక సోమవారం. ముందురోజు రాత్రంతా కాలు సలిపింది. నొప్పి మాత్ర వేసుకుని తెల్లవారుజామున ఎప్పుడో నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి గోడ గడియారంలో పది. మంచం పక్కన స్టూలు మీద ఫ్లాస్కు, టిఫిన్ డబ్బా ఉన్నాయి. కాఫీ తాగాను.

అప్పుడు చూశాను, అమ్మ కిటికీ దగ్గర ఉంది.

ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ముఖం కొంచెం నా వైపు, కొంచెం బయటకి. జుట్టు విరబోసి ఉంది. సోమవారం కదా, తలంటుకుని ఆరబెట్టుకుంటోంది అనుకున్నాను. ఎడం చెయ్యి పైకెత్తి కిటికీ చువ్వ పట్టుకుంది. మోకాళ్ల నొప్పులు, ఆసరాకి పట్టుకుంది అనుకున్నాను. ఆ భంగిమ బాగుంది. పుస్తకం తీశాను. పది గంటల పది నిమిషాలు.

నన్ను చూడలేదు. మాట్లాడలేదు. అమ్మ మాట్లాడకుండా ఉండటమే వింత. కానీ ఆ రోజు నాకు అది వరంలా అనిపించింది. ఇన్నాళ్లకి కుదురుగా కూర్చుంది, చెడగొట్టకూడదని నేనూ పలకరించలేదు. ముందు తల, భుజం వేశాను. చీర భుజానికి అతుక్కుపోయి ఉంది. పెద్ద పెద్ద గళ్ల చీర. ఆ గళ్లు భుజం దగ్గర వంపు తిరిగే చోట చాలాసేపు పట్టింది.

తర్వాత ఎడం చెయ్యి. అదే కష్టం. చువ్వని పట్టుకున్న తీరు మామూలుగా లేదు. వేళ్ల కణుపులు తెల్లగా తేలాయి, మణికట్టు మీద నరం లేచింది. ఆ వేళ్లు గీస్తుండగా అవి వదులవడం మొదలైంది. చూపుడు వేలు చువ్వ మీంచి లేచింది. ఆమె కిందకి, తన పక్కకి చూస్తోంది, లేవబోతున్నట్టు.

"అమ్మా, కదలకు. ఇంకో అయిదు నిమిషాలు" అన్నాను. విసుగ్గానే అన్నాను.

వేలు మళ్లీ చువ్వ మీదకి వచ్చింది. గట్టిగా పట్టుకుంది.

అయిదు నిమిషాలన్నవాణ్ని ఇంకా చాలాసేపే గీశాను. చెయ్యి అయ్యింది. పాదాలు మిగిలాయి, తర్వాత చూద్దామనుకున్నాను. "చాలమ్మా, ఇంక లే" అని, తల వంచి టైము రాశాను. పది నలభై రెండు. తలెత్తితే అమ్మ లేదు. వంటింట్లోకి వెళ్లి ఉంటుంది అనుకున్నాను. గదుల మధ్య తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. అడుగుల చప్పుడు వినిపించలేదన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు.

పదకొండు దాటాక ఫోను మోగింది. సుధ.

"ఏవండీ, కంగారు పడకండి. అత్తయ్యకి ఏం కాలేదు. నదిలో కాలు జారిందట, పైకి తీశారు. చల్లపల్లిలో డాక్టరుకి చూపిస్తున్నారు. నేను బయల్దేరుతున్నాను."

నాకు అర్థం కాలేదు. "ఏం నది? అమ్మ వంటింట్లో ఉందిగా" అన్నాను.

 సుధ నెమ్మదిగా చెప్పింది. "పొద్దున మీకు చెప్పాను కదండీ. కింద వాటా సుబ్బలక్ష్మి గారి కారులో అత్తయ్య శ్రీకాకుళం గుడికి వెళ్లారని, పన్నెండుకల్లా వస్తారని. మీరు ఊ అన్నారు."

ఊ అన్న గుర్తు నాకు లేదు. శ్రీకాకుళం అంటే కృష్ణ ఒడ్డున ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. మా ఇంటి నుంచి కారులో గంట పైనే.

"అమ్మా" అని పిలిచాను. మళ్లీ పిలిచాను. వాకర్ పట్టుకుని లేచాను. వంటింటి దాకా పదహారు అడుగులు; ఒంటికాలి మీద అంత దూరం నేను అప్పటిదాకా వెళ్లలేదు. పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ముక్కాలిపీట వంటింట్లోనే, ఎప్పుడూ ఉండే చోట, బియ్యం డబ్బా కింద ఉంది. ఆ డబ్బా నిండుగా ఉంది. ఇంటి వీధి తలుపు బయట నుంచి తాళం వేసి ఉంది. సుధ వేసి వెళ్లింది.

కిటికీ దగ్గరికి వచ్చి చూశాను. నేల పొడిగా ఉంది. తడి ఉందని రాస్తే చదివేవాళ్లకి బాగుంటుంది కానీ, చుక్క నీరు కూడా లేదు.

మంచం మీద పుస్తకం తెరిచే ఉంది. అందులో బొమ్మ ఉంది.

సాయంత్రం అమ్మని తీసుకొచ్చారు. చేతులకి గీరుకుపోయిన గాయాలు తప్ప పెద్ద దెబ్బలేం లేవు. మనిషి మాత్రం సన్నబడినట్టు కనిపించింది. జరిగింది సుబ్బలక్ష్మి గారే చెప్పారు. స్నానం చేస్తుండగా మెట్టు మీద పాచికి అమ్మ కాలు జారింది. పైన బ్యారేజీ నుంచి నీళ్లు వదిలారు, నీటి లాగుడు ఎక్కువగా ఉంది. కాస్త దిగువన ఎప్పటిదో ఇనప గొట్టం ఒకటి నీళ్లలోంచి పైకి పొడుచుకుని ఉంటే అది చేతికి దొరికింది. మెడ దాకా నీళ్లు. సుబ్బలక్ష్మి గారు కేకలు వేస్తే జనం చేరారు. కానీ దిగే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. పడవ మనిషి దూరం నుంచి రావాల్సి వచ్చింది. ఎంతసేపు పట్టిందని అడిగాను. "ఏమో బాబూ, నాకైతే యుగంలా ఉంది. అరగంట ఉంటుందేమో" అన్నారు.

బొమ్మ సంగతి ఎవరికీ చెప్పలేదు. పుస్తకం పరుపు కింద పెట్టాను. రెండు రోజులు దాని మీదే పడుకున్నాను, నిద్ర లేకుండా. సుధ నొప్పి అనుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. చాలాసేపు చేతి మీద గాయాలు చూసుకుంది.

"ఒరే, నీకొకటి చెప్తాను. పిచ్చిదాన్ననుకోకు" అంది.

"చెప్పు."

"ఒడ్డు ఇంత దూరంలో ఉందిరా." చెయ్యి చాపి చూపించింది. "రెండు అడుగులేస్తే అందుతుందనిపించింది. చేతులు పీకేస్తున్నాయి. ఇంక గొట్టం వదిలేసి నడుద్దామనుకున్నాను. ఒక వేలు వదిలాను కూడా. అప్పుడు నువ్వు కసురుకున్నావు."

నా చెయ్యి పరుపు కిందకి, పుస్తకం మీదకి వెళ్లింది.

"నీ గొంతే. అమ్మా కదలకు, ఇంకో అయిదు నిమిషాలు అన్నావు. నాకు కోపం కూడా వచ్చింది, వీడికి ఎప్పుడూ ఈ బొమ్మల గోలేనని. మళ్లీ పట్టుకున్నాను. పైకి తీశాక ఆ పడవాయన చెప్పాడు. నాకూ ఒడ్డుకీ మధ్యన రెండు నిలువుల గుంట ఉందట. అడుగేస్తే దక్కేదాన్ని కాదన్నాడు."

పరుపు కింద నుంచి పుస్తకం తీసి ఇచ్చాను.  అమ్మ కళ్లజోడు తెచ్చుకుని చూసింది. ముఖం చూడలేదు, చెయ్యి చూసింది. తన ఎడం చెయ్యి పైకెత్తి, వేళ్లు ముడిచి, బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది. కింద రాసిన టైము చదివింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఈ చీర నాది కాదురా" అంది.

నిజమే, అమ్మకి గళ్ల చీర లేదు. నాకు అప్పటిదాకా తట్టలేదు. అమ్మే మెట్ల దగ్గరికి వెళ్లి సుబ్బలక్ష్మి గారిని పిలిచింది. ఆవిడ బొమ్మ చూడగానే గుర్తుపట్టారు. "ఇది నా పాత చీర కదండీ! నదిలో మీది తడుస్తుందని కారులోంచి తీసి ఇచ్చాను. దీన్ని బాబు ఎప్పుడు చూశాడు?" అన్నారు. చూడలేదు. ఆ చీర ఆసుపత్రిలో మార్చి పారేశారట, ఇంటికి రాలేదు.

తోచిన సమాధానాలన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. నొప్పి మాత్రల ప్రభావం కావచ్చు. మా డాక్టరుని అడిగితే కొందరికి ఆ మాత్రలతో లేనివి కనిపిస్తాయన్నారు. అమ్మని అప్పటికి ఇరవైసార్లైనా గీసి ఉంటాను, కళ్లు మూసుకుని గీయగలను. సుబ్బలక్ష్మి గారు ఆ చీర ఎప్పుడో మేడ మీద ఆరేసి ఉంటారు, నా కంటపడి ఉంటుంది. అమ్మ చాలా రోజులుగా నా కసురు వింటోంది కాబట్టి భయంలో అదే వినిపించి ఉంటుంది. ఒక్కొక్కటి విడిగా చూస్తే సరిపోతాయి. నాలుగూ ఒకే ఉదయం, ఒకే అరగంటలో ఎలా కలిశాయో మాత్రం లెక్క తేలదు.

కాలు బాగైంది. ఆఫీసుకి వెళ్తున్నాను. సుధనీ హారికనీ ఇప్పటికీ గీస్తాను. అమ్మని గీయాలని రెండుసార్లు కూర్చోబెట్టాను. ఇప్పుడు తను అస్సలు కదలడం లేదు. రెప్ప కూడా వేయకుండా, చేతులు ఒళ్లో బిగించి, నేను లేవమనేదాకా అలాగే ఉంటోంది. అది చూసి నేనే తట్టుకోలేక రెండు నిమిషాలకే పుస్తకం మూసేశాను. పాలు పొంగుతున్నాయేమో చూడమ్మా అని పంపేశాను.

అమ్మకీ సుధకీ చెప్పనిది ఒకటుంది. ఆ రోజు బొమ్మ మీద నాకు మధ్యలోనే విసుగొచ్చింది. చెయ్యి సరిగా కుదరడం లేదు, కట్టులో దురద. ఆ వేలు లేచినప్పుడు నేను పెన్సిల్ పక్కన పెట్టేసి, పుస్తకం సగం మూశాను. "సరేలే, వెళ్లమ్మా" అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఎందుకు మింగేశానో, దాని బదులు కదలకు అని ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆఫీసులో ఫైలు తిరగేస్తున్నప్పుడు, రోడ్డు దాటుతున్నప్పుడు, అన్నం కలుపుకుంటున్నప్పుడు, ఆ అనని మాట గొంతులో తగులుతుంది. చేతిలో పని వదిలేసి ఇంటికి ఫోను చేస్తాను. ఏం లేదమ్మా, ఊరికే అంటాను.