గునుగు పీకిన అత్తమ్మ

మా వనపర్తిలో ఆదివారం పొద్దున జనం నిద్రయినా పోతారు, మటన్ దుకాణం ముందైనా నిలబడతారు. మేం ఆరేడుగురం మాత్రం గ్లౌజులు, మాస్కులు తగిలించుకుని ఊరి బయట గుట్ట మీద వయ్యారిభామ పీకుతుంటాం. ముట్టుకుంటే దురద, దగ్గరికి పోతే తుమ్ములు. ఆ దిక్కుమాలిన మొక్క అక్కడి తంగేడునూ గునుగునూ మింగేసింది. ఈ పనికి జీతం లేదు, మెప్పు అసలే లేదు.

నాకీ పిచ్చి పట్టింది మా అత్తమ్మ వల్ల. బజారు బంతిపూలతో బతుకమ్మ పేర్చినప్పుడల్లా "గునుగు లేనిది గూడ బతుకమ్మేనా?" అని ముఖం ముడుచుకునేది. ఈసారి మన గుట్ట గునుగుతోనే పేరుద్దామని మాటిచ్చాను. నిరుడు శుభ్రం చేసిన చోట విత్తనం చల్లాం. వానలకు జానెడెత్తు లేచింది. దాని మధ్యనే వయ్యారిభామ కూడా మళ్లీ లేచింది.

"మీరు పీకేదెప్పుడు, అయ్యేదెప్పుడు? నేను గూడ వస్త" అని అత్తమ్మ కొంగు బిగించింది. పెళ్లయిన నాటి నుంచి పత్తి చేలల్లో కూలికి కలుపు తీసిన మనిషి. గునుగు ఉన్న వైపు ఆమె, రెండో వైపు మేమంతా. మేం ఫొటోలు దిగి, తుమ్మి, ఉప్మా తిని తలెత్తేసరికి ఆమె వైపు నేల అద్దంలా ఉంది.

"అత్తమ్మా, గునుగేది?"

ఆమె తన పిడికిట్లో ఉన్న మొక్కల వైపు చూసుకుంది. "అయ్యో, పత్తి చేన్ల గునుగు గూడ కలుపే గద. మనసుకు తెల్సు గని ఈ చేతులకు తెల్వదాయె!" అని, వెంటనే నా మీదికి లేచింది. "నువ్వన్న జర ముందుగాల చెప్పొద్దా? కలుపు తీయనీకె పిలిస్తె కలుపే తీస్త గద!"

నేను పిలవలేదు. ఆ మాట అనకుండా ఉండేపాటి తెలివి కోడలిగా నాకు అబ్బింది.

పండుగ నాటికి గుట్ట మీద గునుగు పువ్వు ఒక్కటీ లేదు. ఊరవతల ఒక పత్తి చేనుకు పోయాం. అక్కడ పత్తికన్నా గునుగే ఎక్కువ. మమ్మల్ని చూసి రైతుకు ప్రాణం లేచొచ్చింది. "కూలోళ్లు దొర్కక పరేషాన్ల ఉన్న. వేర్లతోని మొత్తం పీక్కపో అవ్వా!"

అత్తమ్మ వంగింది. కావలసిన పువ్వు మాత్రం తుంచుతూ, ముదిరిన కంకులను విత్తనానికి వదిలేస్తూ ముందుకు సాగింది.

రైతు వెంటపడ్డాడు. "గట్ల తుంపితే నాకేం ఫాయిదా? పీకు!"

"పీకితె వచ్చే యేడు పువ్వు ఏడికెళ్లి వస్తది?" అంది అత్తమ్మ తలెత్తకుండానే. "ఇన్నేండ్లు మీ చేన్లల్ల పీకిన. సాలదా బిడ్డా?"

ఆమె కొంగు నిండిపోయింది. మిగిలిన పువ్వును ఆయన తువ్వాలలోనే పోసి, ఆయన చేతే మా స్కూటీ దాకా మోయించింది.