చేటెడు తవుడు

మాయాబందర్‌లో జెట్టీ నుంచి పైకెక్కే దారిలో కనకలక్ష్మి ఇంటికీ ఫుల్మనీ ఇంటికీ మధ్య ఒక వెదురు దడి ఉంది. కనకలక్ష్మి మూడో బిడ్డ పురిటి స్నానమైనా కాకముందే ఆ దడి మీదుగా చేతులు మారాడు. అటునుంచి చేటెడు తవుడు ఇటు వచ్చింది. అమ్మకం పూర్తయింది.

ఆ బేరం కుదిర్చింది కనకలక్ష్మి అత్తగారు దేముడమ్మ. ఆమె వట్టి అత్త కాదు, మేనత్త. అందుకే కనకలక్ష్మి మొగుణ్ణి ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. మూడోవాడికి ముందు ఇద్దరు పోయారు. మొదటిది ఆడపిల్ల, ప్రత్యూష. గోడ పట్టుకుని నడిచే వయసులో కాళ్ళూ చేతులూ వాచి, కళ్ళు పచ్చబడి, ఒకనాటి పొద్దున కడుపు ఉబ్బి, పొద్దు వాలేసరికి వెళ్ళిపోయింది. రెండోవాడికి పేరు పెట్టే వ్యవధే దొరకలేదు. మూడోవాడు పుట్టగానే దేముడమ్మ తన పుట్టింటివైపు పెద్దలు చేసినట్టే చేసింది. పిల్లలందరూ బతికున్న తల్లిని వెతికి, ఆమెకి తవుడుకి అమ్మేసింది. బిడ్డ కోసం వచ్చేది, ఈ ఇంటి పిల్ల కాదు కాబోలనుకుని వెనక్కి పోవాలి. అందుకే వాడికి తౌడు అని పేరు. జితేంద్ర అని ఇంకో పేరుంది గానీ అది బడికీ ఆసుపత్రికీ మాత్రమే.

వీధిలో తెలుగువాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఫుల్మనీ, ఈ దీవులకి కూలిపనికి రాంచీ నుంచి వచ్చినవాళ్ళ పిల్ల.

"రాంచీదానికిచ్చీసినావేటి, దేముడమ్మా? మనోళ్ళలో పిల్లలతల్లి దొరకలేదా?"

"దొరక్కేం? మనోళ్ళ గుమ్మాలన్నీ దానికి తెలుసు కదేటి," అంది దేముడమ్మ. చావుని ఆమె ఏనాడూ పేరుపెట్టి అనలేదు, 'అది' అనేది. "ఈళ్ళింట్లో అందరూ హిందీ మాటాడతారు. అది ఆ గుమ్మంలో నిలబడి ఏటని అడుగుద్ది? దానికి తెలుగొక్కటే వచ్చు."

ఆ మాటకి అందరూ నవ్వారు. కనకలక్ష్మి కూడా నవ్వింది. కానీ నమ్మింది.

పాలిచ్చింది కనకలక్ష్మే, ఉగ్గుపెట్టి పెంచిందీ ఆమే. నా కొడుకు అని మాత్రం అనకూడదు. పాలపళ్ళు ఊడి కొత్తవి మొలిచేదాకా ఆ మాట నోట్లోంచి రాకూడదు. పిల్లాడు ఆమెని పిన్నీ అన్నాడు, తండ్రి ధనరాజుని బాబాయ్ అన్నాడు, దడి అవతలి ఫుల్మనీని హిందీలో 'మా' అన్నాడు. వాడికి అది మామూలే. ఇంట్లో ఎవరూ లేని వేళ, వాడు నిద్రపోతుంటే, ఆ మాట ఆమె పెదాల దాకా వచ్చేది. కొంగు నోట్లో కుక్కుకునేది.

రెండో ఏడు దాటకుండానే వాడి వేళ్ళు వాచాయి. మునక్కాడల్లా ఉబ్బిన ఆ వేళ్ళని కనకలక్ష్మి తన గుప్పిట్లో దాచేసింది. ఆ వాపు ఆమెకి తెలుసు.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళినా పిల్లాణ్ణి ఎత్తుకునేది ఫుల్మనీ. బేరంలో మాట అది, ఆసుపత్రి గుమ్మం వాడు ఫుల్మనీ బిడ్డగానే దాటాలి. కనకలక్ష్మి వెనకాల సంచీ, నీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని పిన్నిలా నిలబడేది. డాక్టర్లు మారేవారు, ప్రశ్న మారేది కాదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? పిల్లలెవరైనా పోయారా?

"నై సాబ్," అనేది ఫుల్మనీ. "నలుగురు. అందరూ గుండ్రాళ్ళు."

అబద్ధం కాదు. ఆమె పిల్లలు నలుగురూ సముద్రంలో పడి ఆడుకునే గుండ్రాళ్ళే. డాక్టరు మలేరియాకి రక్తం చూసేవాడు. రక్తం తక్కువుందని టానిక్కు రాసేవాడు. చెప్పినదాన్ని బట్టే కదా వైద్యం. వాపు తగ్గేది, కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చేది. వాన పడితే పిల్లాడు మోకాళ్ళు పట్టుకుని ముడుచుకుపోయేవాడు.

"బాబాయ్, నా కాళ్ళలో ఇంజను పాడైపోనాది. బాగుసెయ్యి," అనేవాడు. ధనరాజు పని డింగీ పడవల ఇంజన్లు బాగుచేయడం. వాడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, గ్రీజు నలుపు వదలని చేతుల్తో నిమిరేవాడు.

ఐదో ఏట, ముందు పన్ను ఒకటి కొంచెం కదలడం మొదలైన రోజుల్లో, నొప్పి ఈసారి ఛాతీలోకి వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళమన్నారు. ఫుల్మనీ తన కోళ్ళని పెద్ద కూతురికి అప్పజెప్పి, నలుగురికీ అన్నాలు వండిపెట్టి, తెల్లారకముందే బస్సు దగ్గర నిలబడింది.

"నువ్వెందుకు దీదీ, నీకిక్కడ పని," అంది కనకలక్ష్మి మాటవరసకి.

"వాహ్ రే! తౌడు తిన్నది మీ కోళ్ళా? మా కోళ్ళ నోటి దగ్గరది తీసిచ్చిన. నా బచ్చాని నేను తీసుకెళ్తా," అంది ఫుల్మనీ. ఇన్నేళ్ళలో ఆమె తెలుగు అలా తయారైంది.

కాన్వాయ్‌లో పోలీసు కాపలాతో వరసగా సాగే బళ్ళ మధ్య బస్సు అడవి దాటుతున్నంతసేపూ పిల్లాడు ఒకసారి ఆ ఒళ్ళో, ఒకసారి ఈ ఒళ్ళో మూలుగుతూనే ఉన్నాడు. లంబాలైన్‌లో విమానాశ్రయం పక్క చుట్టాలింట్లో దిగారు. తలమీదుగా విమానం పోతే వాడు నొప్పి మరిచి కిటికీ దాకా పాకాడు.

పెద్దాసుపత్రిలో చూసింది ఒక డాక్టరమ్మ. నిదానంగా చూసింది. కళ్ళ కింద రెప్ప లాగింది, కడుపు ఎడమపక్క నొక్కింది, వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుంది. ముందు వాడి రక్తం పంపించింది, మర్నాడు కాయితం చూసి మళ్ళీ లోపలికి పిలిచింది. పిల్లాడు ఫుల్మనీ ఒళ్ళో ఉన్నాడు. ధనరాజు పక్కన నిలబడ్డాడు. కనకలక్ష్మి ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర ఉంది.

"ఇది మలేరియా కాదు," అంది డాక్టరమ్మ హిందీలో. "రక్తంలోనే పుట్టుకతో ఉన్న లోపం. సికిల్ సెల్ అంటారు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. ఇందులో రకాలున్నాయి. ఏ రకమో తెలియాలంటే ఇద్దరి రక్తమూ చూడాలి, మందు దాన్నిబట్టి ఉంటుంది." ఫుల్మనీనీ ధనరాజునీ మార్చి మార్చి చూసింది. "పెళ్ళికి ముందు మీరిద్దరూ చుట్టాలా?"

"అరే నై మేడమ్!" ఫుల్మనీకి నవ్వాగలేదు. "ఈయన ఆంధ్రా, నేను రాంచీ. చుట్టాలెట్లైతం?"

"ఇంతకుముందు పిల్లలెవరైనా పోయారా?"

నవ్వు ఆగిపోయింది. ఫుల్మనీ పిల్లాడి జుట్టు సవరించింది. "నా పిల్లలు... అందరూ ఉన్నరు మేడమ్."

డాక్టరమ్మ నుదురు ముడిపడింది. ఏదో పొసగడం లేదన్నట్టు కాయితం మళ్ళీ చూసి, "సరే, ఇద్దరూ రక్తం ఇవ్వండి," అంది. నర్సు రబ్బరు గొట్టం పట్టుకుని వచ్చింది. ఫుల్మనీ జాకెట్టు చేయి పైకి జరిపి, చాపింది.

చాపింది గానీ కళ్ళు మాత్రం తలుపు వైపు తిప్పింది. తవుడిచ్చి మాట పుచ్చుకున్న మనిషి తను. తన నోటితో ఆ మాట తప్పకూడదు. సూది గుచ్చితే తన రక్తం పోతుంది, తన రక్తం చూసే తౌడుకి మందు రాస్తారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ధనరాజు నేలకేసి చూస్తున్నాడు. వాళ్ళమ్మ పెట్టిన కట్టు అది.

కనకలక్ష్మి వాడి ముందుపన్ను వైపు చూసింది. కొంచెమే కదులుతోంది. ఇంకా ఊడలేదు. నర్సు గొట్టం బిగించి, దూదితో ఫుల్మనీ చేయి తుడుస్తోంది. ఇప్పుడు అంటే అది వింటుంది. అనకపోతే ప్రత్యూషకి జరిగిందే జరుగుతుంది. రెండువైపులా అదే నిలబడి ఉంది.

ఫ్లాస్కు కింద పెట్టింది. తెలుగులో అనడానికి నోరు రాలేదు.

"మేడమ్," అంది. "యే మేరా బేటా హై."

ఫుల్మనీ చేయి వెనక్కి తీసుకుని, పిల్లాడి చెవులు రెండూ తన అరచేతులతో మూసింది. వాడు వినకూడదనో, అది వినకూడదనో.

"నేనే కన్నాను మేడమ్. ఈయన నా మొగుడు, మా మేనత్త కొడుకు. వీడికి ముందు ఇద్దరు పోయారు." వచ్చీరాని హిందీలో ఒక్కొక్క మాటా బయటికి లాగి చెప్పింది. వాచిన వేళ్ళూ చెప్పింది, పచ్చబడ్డ కళ్ళూ చెప్పింది. ఆ పొద్దున ప్రత్యూష కడుపు ఎలా ఉబ్బిందో చేత్తో తన కడుపు మీద చూపించింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "ఎడమపక్కా?"

"ఎడమపక్కే."

ఎందుకు దాచారని ఆమె అడగలేదు. డాక్టరమ్మ లేచి వచ్చి, కనకలక్ష్మి చేయి పట్టుకుని, పిల్లాడి ఎడమ డొక్క కింద పెట్టింది. లోపల గట్టిగా ఏదైనా తగులుతుందేమో రోజూ పొద్దున్నే ఇక్కడ నొక్కి చూడాలంది. తగిలినా, పిల్లాడు ఉన్నట్టుండి పాలిపోయినా, ఇంకేదీ చూడకుండా ఆసుపత్రికి పరిగెత్తమంది. "మీ అమ్మాయికి వచ్చింది ఇదే. ముందు తెలిస్తే రక్తం ఎక్కించి నిలబెట్టే వీలుంటుంది."

నర్సు కనకలక్ష్మి చేతికి గొట్టం కట్టింది. సూది దిగితే ఆమెకి నొప్పి తెలియలేదు. సీసాలోకి వెళ్తున్న రక్తం మామూలుగా ఎర్రగానే ఉందని మాత్రం అనుకుంది.

ఇద్దరిలోనూ సగం సగం ఉందని వాళ్ళు చుట్టాలింట్లో ఉండగానే తేలింది. జబ్బు పోయేది కాదట, పట్టి ఉంచవచ్చట. మందులు మానకూడదు, నీళ్ళు తరచుగా తాగించాలి, చలిగాలి తగలనివ్వకూడదు, చెప్పిన గడువుకి మళ్ళీ ఇంత దూరమూ రావాలి.

తిరిగి వస్తూ మిడిల్ స్ట్రెయిట్ దగ్గర సముద్రపు పాయ దాటడానికి బస్సు ఫెర్రీ ఎక్కింది. అందరూ దిగి కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఫుల్మనీ పిల్లాడికి మడచెట్ల వేళ్ళ మధ్య మొసలి ఉందని చెప్పి వెతికిస్తోంది. ధనరాజు నీళ్ళకేసి చూస్తున్నాడు.

"పత్తూషకి సముద్రమంటే బయిం లేదు," అన్నాడు. "డింగీలో కూకోబెడితే సప్పట్లు కొట్టీసీది."

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలికి ఏళ్ళయింది.

"మనమే ఇచ్చీసినామే దానికి ఆ జబ్బు. నువ్వు సగం, నాను సగం."

"తెలిసిచ్చినామేటి బావా," అంది. ఫెర్రీ ఒడ్డు తగిలేదాకా అతని చేయి కమ్మీ మీద ఆమె చేతి పక్కనే ఉంది.

ఇంటికొచ్చాక దేముడమ్మ పిల్లాణ్ణి చూడలేదు, కోడలి మొహం చూసింది.

"అనీసినావు," అంది.

"నానే అన్నానమ్మా," అన్నాడు ధనరాజు.

"నువ్వెక్కడంటావురా, నీకు నోరెక్కడిది? ఒలే కనకా, అన్నావా?"

"అన్నానత్తా. సూది ఫుల్మనీ దీదీకి గుచ్చబోనారు. అనకపోతే మందు తప్పయిపోద్ది. హిందీలో అన్నాను." చివరిమాట మెల్లగా అంది.

ముసలామె అరుగు మీద చతికిలబడింది. తిడుతుందేమోనని చూశారు. ఆమె లేచి లోపలికెళ్ళి చేట దులిపింది.

"అమ్మిన సరుకుని మనదని సెప్పుకోడం దొంగతనం. సెప్పీసినాక బాకీ తీర్చీయాల," అంది. "ధనరాజూ, బజారుకెళ్ళి తౌడు అట్రా. మంచిది తే, వాళ్ళ కోళ్ళు తినాల."

ఆ సాయంత్రం దడి దగ్గర దేముడమ్మ చేట చాపింది. ఫుల్మనీ అవతల పిల్లాణ్ణి చంకనెత్తుకుని నిలబడింది.

"ఇన్నేళ్ళు తినిపించిన. ఒక్క చేటేనా బుఢియా? లూట్ హై!"

"గట్టిగా నొక్కి నింపినానే, సూసుకో." దేముడమ్మ కోడలివైపు తిరిగింది. "కనకా, రా. ఎవులి బిడ్డనడుగుతున్నావో సెప్పి అడుగు. మన మాటలోనే అడుగు. నక్కి నక్కి అడిగితే దానికి ఇంకా లోకువ."

కనకలక్ష్మి చేతులు చాపింది. పన్ను ఇంకా ఊడలేదన్న సంగతి ఆమెకి గుర్తుంది, ముసలామెకీ గుర్తుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.

"దీదీ, నా కొడుకునియ్యి. నేను కన్న కొడుకు."

వీధంతా వినబడింది. ఫుల్మనీ వాణ్ణి దడి మీదుగా అందించి, చేటలో తవుడు చూస్తున్నట్టు తల దించుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. వాడు ఆ చేతుల్లోంచి ఈ చేతుల్లోకి వచ్చి, ఇద్దర్నీ చూశాడు.

"పిన్నీ, నాను నీ కొడుకునా?"

"అవును నాన్నా."

వాడు ఆలోచించాడు. "ఇయాల మా ఇంట్లో గుడ్డుకూర. రేపట్నించి అవుతాను."

దేముడమ్మకే ముందు నవ్వొచ్చింది. ఫుల్మనీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వాణ్ణి మళ్ళీ దడి మీదుగానే అవతలికి దించారు.

మర్నాడు పొద్దున్నే కనకలక్ష్మి మాత్ర, నీళ్ళసీసా పట్టుకుని ఫుల్మనీ గుమ్మంలోకి వెళ్ళింది. వాడు చాప మీద ఆమె పిల్లల మధ్య నిద్రపోతున్నాడు. పక్కన కూర్చుని, చొక్కా పైకి జరిపి, డాక్టరమ్మ చూపినచోట ఎడమ డొక్క కింద మూడు వేళ్ళూ ఆనించి మెల్లగా నొక్కింది. మెత్తగా ఉంది. ఇంకోసారి నొక్కింది. మెత్తగానే ఉంది.

"గిలి పెట్టకు పిన్నీ," అన్నాడు వాడు కళ్ళు తెరవకుండానే.

ఆమె వాణ్ణి లేపి కూర్చోబెట్టి, సీసా నోటికి అందించింది.