చేప బరువు తెలిసేదాకా

నా చిన్నప్పుడు మా తాతయ్య నా చేతికి ఒక పాఠం నేర్పాడు. అరవై అయిదేళ్ళపాటు అది నన్ను ఎక్కడా నిరాశపరచలేదు. 2016 ఆగస్టు 23, మంగళవారం, ఉదయం ఆరుంబావుకి, వేల్స్ దక్షిణ తీరంలో ఒక రాతిబండ మీద అది మొదటిసారి తప్పింది. తేదీలూ వేళలూ నేను మరిచిపోను. ఇరిగేషన్ ఆఫీసులో లెక్కలు చూసి రిటైరైనదాన్ని, అంకె తప్పితే నాకు అన్నం సహించదు.

ముందు తాతయ్య సంగతి చెప్పాలి. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, మా తమ్ముడికి అయిదు. మాది కృష్ణా డెల్టాలో కాలువ పక్క ఊరు. జూన్‌లో కాలువకు నీళ్ళు వదలగానే తాతయ్య మా ఇద్దరికీ చెరో గాలం కట్టి ఇచ్చేవాడు. వెదురు కర్ర, దానికి దారం, దారం మధ్యలో జీలుగు బెండు, చివర వానపామును గుచ్చిన కొక్కెం. బెండు మునిగీ మునగగానే కర్ర ఎత్తెయ్యాలి. రెప్పపాటు ఆలస్యమైతే చేప వానపామును తినేసి ఉత్త కొక్కెం మనకు వదిలిపెడుతుంది.

ఆ చురుకు మా చేతులకు అలవాటు కావాలని ఆయన ఒక ఆట కనిపెట్టాడు. గట్టు మీద కూర్చుని అరచేతిలో బెల్లం ముక్క పెట్టుకునేవాడు. ఆయన గుప్పిట మూసేలోపు మేం దాన్ని లాక్కోవాలి. నేను గద్దలా తన్నుకుపోయేదాన్ని. తమ్ముడు చెయ్యి చాచేసరికి గుప్పిట మూసుకుపోయేది. వాడు ఏడ్చేవాడు కాదు. మూసిన గుప్పిట వైపే చూస్తూ కూర్చునేవాడు. "ఒరే మొద్దబ్బాయ్, నువ్వలా చూస్తా కూచో, మీ అక్క నీ వంతు కూడా మింగేస్తది" అని తాతయ్య నవ్వేవాడు. నేను నిజంగానే మింగేసేదాన్ని. సాయంత్రానికి నా బుట్టలో జెల్లలూ పరిగెలూ ఉండేవి. వాడి బుట్టలో నేను దయతలచి వేసిన ఒకటో రెండో ఉండేవి.

ఆ మొద్దబ్బాయి డాక్టరయ్యాడు. 1974లో బ్రిటన్ వెళ్ళి, చివరికి వేల్స్ సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో జీపీగా, అంటే ఊరి డాక్టరుగా, స్థిరపడ్డాడు. సర్జరీకి, అక్కడ క్లినిక్‌ని అలాగే అంటారు, సెలవున్న రోజుల్లో తెల్లవారకముందే రాళ్ళ మీదికి వెళ్ళి సీ బాస్ చేపలు పట్టేవాడు. ఫోన్ చేసినప్పుడల్లా అదే ఊసు. "మన పండుగప్పకి దూరపు చుట్టమే అక్కా, ముల్లు తక్కువ" అనేవాడు. "నీకు దొరికాయంటే అక్కడి చేపలు నీకంటే మొద్దులేమోరా" అని నేను ఏడిపించేదాన్ని. వాడు నవ్వేవాడే తప్ప తన రహస్యం చెప్పేవాడు కాదు.

2011లో వాడి కుడిచేతి బొటనవేలు వణకడం మొదలుపెట్టింది. పార్కిన్సన్స్ అని ఇంకొకరు చెప్పకముందే వాడికి తెలుసు. అయిదేళ్ళలో వణుకు రెండు చేతులకూ పాకింది, గొంతు సన్నబడింది, ముఖంలో కదలిక తగ్గిపోయి నవ్వినా నవ్వినట్టు తెలియకుండా పోయింది. మరదలు అప్పటికే పోయింది. ఇక ఒంటరిగా ఉంచడం కుదరదని మా మేనకోడలు తన దగ్గరికి, నార్తాంప్టన్‌కి, తీసుకువెళ్ళడానికి నిర్ణయించింది. అక్కడినుంచి ఎటు వెళ్ళినా సముద్రం చేరడానికి రెండు గంటలకు పైనే పడుతుంది. సామాను సర్దడంలో సాయం చేద్దామని నేను జులైలో ఇండియానుంచి వేల్స్ వెళ్ళాను. ఆగస్టు 25, గురువారం, ప్రయాణం.

ఆ నెలరోజులూ వాడి పనులన్నీ నా చేతులే చేశాయి. వాడు చొక్కా బొత్తాం దగ్గర తడుముకుంటుంటే నేను పెట్టేసేదాన్ని. చెంచా నోటిదాకా వెళ్ళేలోపు అందుకుని తినిపించేసేదాన్ని. ఒకరోజు సర్జరీకి వెళ్ళాం. ఒకప్పుడు వాడు కూర్చున్న గదే అది. కొత్త డాక్టరమ్మ "ఎలా ఉన్నారు?" అని వాణ్ణి అడిగితే నేను వచ్చీరాని ఇంగ్లీషులో నిద్ర దగ్గర్నించి విరేచనం దాకా అంతా చెప్పేశాను. తమ్ముడు నేలవైపు చూస్తూ, "అక్కా, నేనింకా నోరు తెరవలేదే" అన్నాడు. డాక్టరమ్మకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను.

సోమవారం మధ్యాహ్నం అటకమీది సామాను దించుతుంటే వాడి చేపల కర్ర బయటపడింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, "ఒక్కసారి అక్కా. ఒక్క చేప. పైకి లేవడం చూడాలి, చేత్తో పట్టుకోవాలి. తర్వాత మీరెక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తా" అన్నాడు. కర్ర విసిరే శక్తి వాడికి లేదు. మేనకోడలికి చేపలంటే భయం. మిగిలింది నేను. నా వయసు డెబ్బైమూడు, కట్టింది చీర, చేప పట్టి అరవై ఏళ్ళు. అయినా కాదనలేకపోయాను.

వాడు ఇచ్చింది నేనెరిగిన గాలం కాదు. వానపాము లేదు, బెండు లేదు. దారం చివర జానెడు లేని నీలం ప్లాస్టిక్ చేప, పొట్టకింద మూడేసి కొనల కొక్కేలు రెండు, కడుపులో గలగలమనే గుండ్లు. దూరంగా విసిరి, రీలు తిప్పుతూ కర్ర కొనను చిన్నచిన్నగా అదిలిస్తే ఆ బొమ్మ నీటిపైన ఎడమకూ కుడికీ తల తిప్పుకుంటూ వస్తుంది. దెబ్బతిన్న చిన్న చేపనుకుని సీ బాస్ కిందినుంచి లేచి కొడుతుంది. సోమవారం సాయంత్రం కొక్కేలు తీసేసి పెరట్లో సాధన చేశాను. మొదటిది పక్కింటి గులాబీల్లో పడింది. చీకటి పడేసరికి పచ్చికకు అడ్డంగా సూటిగా వెయ్యగలిగాను.

మర్నాడు ఆరుకల్లా ఆ చోటికి చేరాం. సముద్రం పోటు మీద ఉంది, రాళ్ళ సందుల్లోకి నీళ్ళు మెల్లగా ఎక్కుతున్నాయి. మేనకోడలు వాళ్ళ నాన్నకు లైఫ్ జాకెట్ తొడిగి, చదునైన బండమీద మడత కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "నాన్నా, యూ ప్రామిస్డ్. చైర్‌లోంచి లేవకూడదు. అత్తా, లేవనివ్వొద్దు, ఓకే?" అంది. ఇద్దరం ఓకే అన్నాం. అక్కడ నిలబడి చూడలేనని, కారు దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

నేను విసిరాను. బొమ్మ గలగలమంటూ వయ్యారంగా నడిచి వస్తోంది. ఇరవై గజాల దూరంలో నీళ్ళు పగిలాయి. తలుపు దబాలున వేసినట్టు చప్పుడు. నా చెయ్యి కర్రను ఎత్తేసింది. బొమ్మ గాలిలోకి ఎగిరి నా పక్కనే రాతిమీద పడింది. చేప వెళ్ళిపోయింది. అదే నేను చెప్పిన ఆరుంబావు.

తమ్ముడు ఏదో చెప్పాడు గాని అలల చప్పుడులో వాడి గొంతు నాకు అందలేదు. దగ్గరికి వెళ్ళి వంగితే తప్ప వినపడలేదు. "చప్పుడు వినగానే లాగకూడదు. అది ముందు కొడుతుంది, తర్వాత నోట పట్టి తిరుగుతుంది. బరువు చేతికి తెలిశాక లాగాలి. ఈలోపు లాగితే దాని నోట్లోంచి మనమే లాక్కున్నట్టు." అప్పటికి గాని నాకు వాడి రహస్యం తెలియలేదు. కాలువ గట్టున వాణ్ణి చేతకానివాణ్ణి చేసిన నెమ్మదే ఇక్కడ వాడికి చేపలు పెట్టింది. నాకు అన్నీ పెట్టిన చురుకు ఇక్కడ చేప నోటిదగ్గరిది ఊడబెరుకుతోంది. తెలుసుకున్నాను, కానీ ఎనిమిదేళ్ళప్పుడు నేర్చిన చేతికి ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు.

వాడే ఒక ఉపాయం చెప్పాడు. కుర్చీ నా వెనక్కి జరిపించుకుని నా కోటు అంచు గుప్పిట పట్టుకున్నాడు. "నేను కోటు లాగినప్పుడు నువ్వు కర్ర లాగు" అన్నాడు. సరేనని విసిరాను. రెండో చేప కొట్టింది. నేను పళ్ళు బిగించి ఆగాను. అంతలో కోటు కదిలింది, లాగేశాను. బొమ్మ ఖాళీగా తిరిగొచ్చింది.

"లాగావుగా!" అన్నాను కోపంగా.

"నేను లాగలేదక్కా. జబ్బు లాగింది."

ఇద్దరం నవ్వాం. వాడి గుప్పిట నా కోటును ఇంకా అదిలిస్తూనే ఉంది. అందులో ఏది వాడిదో ఏది జబ్బుదో నాకు తెలిసే దారి లేదు. వాడికీ ఆపే దారి లేదు. నీళ్ళు బండ అంచుదాకా వచ్చాయి. ఇంకో అరగంట అయితే కుర్చీ వెనక్కి జరపాలి, అక్కడినుంచి చేపలు అందవు.

"సముద్రం చూడకు" అన్నాడు చివరికి. "చూస్తే నీ చెయ్యి ఆగదు. విసిరేసి నావైపు తిరుగు. నేను చూస్తా, నువ్వు పట్టుకో."

డెబ్బైమూడేళ్ళ మనిషిని, సముద్రానికి వీపు చూపిస్తూ చేపలు పట్టాను. బొమ్మను తెలియని నీళ్ళమీద నడిపిస్తూ తమ్ముడి ముఖం చూస్తూ నిలబడ్డాను. ఆ నెలరోజుల్లో వాడి ముఖాన్ని అంతసేపు చూడలేదని అప్పుడే గమనించాను. కండరం ఒక్కటీ కదలని ముఖం. కళ్ళు మాత్రం బొమ్మతో పాటు ఎడమకూ కుడికీ నడుస్తున్నాయి. మూడుసార్లు విసిరి తీశాక ఆ కళ్ళు ఒక్కసారి విచ్చుకున్నాయి. వెనక నీళ్ళు పగిలిన చప్పుడు. నా భుజం లేవబోయింది. వాడి కళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. ఆగాను. అప్పుడు కర్ర నా చేతుల్లో బరువెక్కింది, నిండు బిందెను తాడుకు కట్టి ఎవరో అవతలినుంచి గుంజినట్టు. లాగాను. ఈసారి పోలేదు. సముద్రం వైపు తిరిగాను.

ఎంతసేపు పెనుగులాడానో ఒక్క ఆ సంగతే నాకు లెక్క తెలియదు. రీలు తిరుగుతోంది, చేతులు మండుతున్నాయి, చేప అటూ ఇటూ పరుగెత్తి చివరికి బండకింది సందులోకి వచ్చి పక్కకు ఒరిగింది. వెండిరంగు, మూరెడుంటుంది. ఇక్కడ రోజుకు ఒక్కటే తీసుకోవాలి, నలభైరెండు సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఇది తగ్గదు. చేతివల కుర్చీ పక్కనే ఉంది. దానికోసం తిరిగేసరికి తమ్ముడు కుర్చీలో లేడు.

వాడు వల పట్టుకుని మోకాళ్ళమీద పాకుతూ బండ అంచుకు వెళుతున్నాడు. ఒక కాలు సందులో పడి, బూటు ఊడి, నీళ్ళలో తేలిపోయింది. వాడు వెనక్కి చూడలేదు. వల కొన గాలిలో గిలగిల కొట్టుకుంటోంది. నాకు రెండు అడుగుల దూరం. కర్ర ఎడమచేతిలోకి మార్చి, కుడిచేత్తో వల అందుకుని, ఒక్క ఊపులో చేపను ఎత్తేయగలను. అంత సులువు. నా చెయ్యి చాచాను కూడా.

చాచి, వెనక్కి తీసుకున్నాను.

వాడు వలను నీళ్ళలో ముంచాడు. అది చేప కిందికి వెళ్ళలేదు. వణుకుతూ పైకీ కిందికీ ఆడి, బొమ్మకు వేలాడుతున్న రెండో కొక్కేనికి చిక్కుకుంది. చేప ఒక్కసారి తల విదిలించింది. కొక్కెం దాని నోట్లోంచి ఊడి వల దారాల్లో మిగిలింది. చేపకు అప్పుడే తెలియలేదు కాబోలు, అలసటతో అక్కడే, జానెడు లోతు నీళ్ళలో, కాసేపు పడుకుని ఉంది. తమ్ముడు వల వదిలేసి చెయ్యి నీళ్ళలో పెట్టాడు. వణికే వేళ్ళు చేప వీపుమీద ఆనాయి. అది కదలలేదు. వేళ్ళు తలనుంచి తోకదాకా వెళ్ళాయి. పట్టుకోబోయాడు. తోక ఆడించి వెళ్ళిపోయింది.

వాడు చేతిని నీళ్ళలోనే ఉంచి, "చల్లగా ఉందక్కా" అన్నాడు.

కారు దగ్గరినుంచి చూసి మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపాం. మోకాళ్ళు రెండూ చీరుకుపోయాయి. "ఓ గాడ్, నాన్నా! అత్తా, యూ ప్రామిస్డ్! వై డిడ్ంట్ యూ స్టాప్ హిమ్?" అని ఏడ్చేసింది. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పులేదు. బండ ఇంకొంచెం జారుడుగా ఉండి ఉంటే నేను ఇవాళ ఇది ఇలా రాసేదాన్ని కాదు. "నా రెండు చేతుల్లోనూ కర్ర ఉందమ్మా" అన్నాను.

"మా అక్క చేతులకి ఖాళీ లేకపోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు" అన్నాడు తమ్ముడు. నవ్వాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు.

గురువారం నార్తాంప్టన్ వెళ్ళాం. సెప్టెంబరు చివరిదాకా నేను అక్కడే ఉన్నాను. వాడి చొక్కా బొత్తాలు వాడే పెట్టుకున్నాడు. కొన్ని పూటలు టిఫిన్ చల్లారిపోయేది, కొన్ని పూటలు పై బొత్తాం కింది కాజాలోకి వెళ్ళేది. చల్లారిన ఇడ్లీనే ఇద్దరం తినేవాళ్ళం. ఇప్పుడు నా ఎదుట ఎవరైనా మాటకోసం వెతుక్కుంటున్నా, తాళంచెవితో తలుపు దగ్గర తడబడుతున్నా, నా కుడిచెయ్యి లేస్తూనే ఉంటుంది. అది మారలేదు, మారదు కూడా. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, అవతలివాళ్ళ కళ్ళు చూస్తూ నిలబడతాను. ఆ రోజునుంచి నాకు మిగిలింది అంతే.

పోయినవి: సీ బాస్‌లు మూడు. నీలం బొమ్మ ఒకటి, వలలోంచి తియ్యబోతే విరిగింది. తమ్ముడి ఎడమకాలి బూటు. మూడో చేప లేచిన క్షణం, అది వాడు చూశాడు, నేను చూడలేదు. 2019 ఫిబ్రవరి 9, శనివారం, నార్తాంప్టన్‌లో, తమ్ముడు.